ఉక్కపోతలో రోజూ కసరత్తు, ఒంటి మీద ఏ టీషర్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉండేది విజయవాడ. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే పరుగు, రెండు సాయంత్రాలు షటిల్. అందుకేనేమో, ఏ టీషర్ట్ కొనాలని గ్రౌండ్‌లో అడుగుతారు, లిఫ్ట్‌లో అడుగుతారు, ఆ మధ్య ఒక పెళ్లి భోజనాల బంతిలో కూడా అడిగారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాసిపెడుతున్నాను. ఆదివారం ఆదివారం సరదాగా ఆడేవాళ్లకు ఇంత గొడవ అక్కర్లేదు, బీరువాలో ఏది చేతికొస్తే అది వేసుకోవచ్చు. ఇది వారానికి నాలుగైదు రోజులు చెమటోడ్చేవాళ్ల కోసం.

కాటన్ మనకు అలవాటైన బట్టే కదా, దాంతో ఇబ్బంది ఏంటి?

మొదటి పది నిమిషాలు ఏ ఇబ్బందీ లేదు. ఒంటికి హాయిగానే ఉంటుంది. కష్టమంతా ఆ తర్వాతే. పత్తి పోగు నీటిని తన లోపలికి పీల్చుకుంటుంది. 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గాలిలో ఊరికే వదిలేసినా పత్తి తన పొడి బరువులో సుమారు 8.5 శాతం తేమ పట్టుకుంటుంది. పాలియెస్టర్ పట్టుకునేది 0.4 శాతమే. ఇది గాలిలోని తేమ లెక్క మాత్రమే. చెమటతో తడిస్తే కాటన్ బనీను తన బరువుకు మించి నీళ్లు మోస్తుంది. వీపుకు అతుక్కుంటుంది, భుజాల దగ్గర కిందికి లాగుతుంది, మెడ పట్టీ సాగి వేలాడుతుంది. మే నెలలో కాలువ గట్టున ఆరు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి టీషర్ట్ విప్పి పిండండి, కుళాయి సరిగ్గా కట్టనట్టు సన్నటి ధార కారుతుంది.

నా మాట నమ్మక్కర్లేదు. వంటింట్లో చిన్న తూకం మిషన్ ఉంటే బయల్దేరేముందు టీషర్ట్‌ని ఒకసారి తూచండి, వచ్చాక పిండకుండా మళ్లీ తూచండి. రెండు రకాల బట్టలతో రెండు రోజులు చేస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

పాలియెస్టర్ అంటే మా నాన్న వేసుకున్న టెరిలిన్ చొక్కా గుడ్డే కదా? అది ఒంటికి అతుక్కుని ఉడికించేది!

అదే. పోగు అదే. 1941లో ఇంగ్లాండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు తయారుచేసిన దారానికి పెట్టిన పేరే టెరిలిన్. మన ఇళ్లలో నలగని చొక్కా అని మురిసిపోయి కట్టుకున్నది, చంకల్లో ఉడికిపోతోందని తిట్టుకున్నది దాన్నే. ఆ చొక్కా నేసిన బట్ట, సాగదు, నేత బిగువు. ఇప్పటి ఆటల టీషర్ట్ అల్లిన బట్ట. అల్లికలో సందులుంటాయి, గాలి ఆడుతుంది. దారంలోని పోగులు కూడా చాలా సన్నబడ్డాయి. పోగుకూ పోగుకూ మధ్య ఉన్న సన్నటి ఖాళీల్లోంచి చెమట పాకుతూ పైకొస్తుంది, దీపం వత్తి నూనెను లాక్కున్నట్టు. పోగు నీళ్లు తాగదు గనుక ఆ చెమట బట్ట వెలుపలి వైపు పరుచుకుని ఆరిపోతుంది. డ్రై ఫిట్ అని అందరూ పిలిచేది ఈ పనినే.

అయితే డ్రై ఫిట్ వేసుకుంటే చల్లగా ఉంటుందన్నమాట?

ఉండదు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆవిరవడం. ఒక గ్రాము చెమట ఆవిరైపోతే ఒంట్లోంచి సుమారు 580 క్యాలరీల వేడి లాక్కుపోతుంది. అన్నం లెక్కల్లో మనం చెప్పుకునే క్యాలరీ దీనికి వెయ్యి రెట్లు పెద్దది, రెంటినీ కలపకండి. నేల మీద బొట్లు బొట్లుగా రాలిపోయిన చెమటతో ఒరిగేది ఏమీ లేదు, నీళ్లు దండగ.

ఇప్పుడు మన ఊళ్ల గాలి చూడండి. ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎండ మాడ్చేస్తుంది గానీ గాలి పొడిగా ఉంటుంది, చెమట ఇట్టే ఆరిపోతుంది. విజయవాడ, కాకినాడ, విశాఖ అలా కాదు. తెల్లవారుజామున చల్లగా ఉందని బయల్దేరతాం గానీ రోజు మొత్తంలో గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండేది ఆ వేళే. ఆకు కూడా కదలని రోజున ఎంత గొప్ప టీషర్ట్ అయినా తడిసి ముద్దవుతుంది. చెమటను పైకి లాగడం దాని వంతు, అక్కణ్ణించి తీసుకుపోవాల్సింది గాలి.

షటిల్ కోర్టులో ఇది ఇంకా ఘోరం. కాక్ గాలికి కొట్టుకుపోతుందని ఫ్యాన్లు కట్టేస్తారు, కిటికీలు మూసేస్తారు. పై రేకులు కాగి ఉంటాయి. అక్కడ రెండో గేమ్ సగానికొచ్చేసరికి అందరూ ఒకేలా తడిసి ఉంటారు, ఆరు వందలు పెట్టినవాళ్లూ మూడు వేలు పెట్టినవాళ్లూ. ఆటగాళ్లు కిట్ బ్యాగులో రెండు మూడు టీషర్ట్‌లు పెట్టుకుని మధ్యలో మార్చుకునేది అందుకే.

కాబట్టి మన కోస్తాలో చల్లదనం కోసం డబ్బు పెట్టకండి. పల్చగా ఉండాలి, ఒంటికీ బట్టకూ మధ్య గాలి ఆడాలి, రేపు పొద్దుటికి దండెం మీద ఆరిపోయి వాసన లేకుండా సిద్ధంగా ఉండాలి. రోజూ ఆడేవాళ్లకు ఈ మూడో గుణమే అన్నిటికన్నా ముఖ్యమని నా లెక్క.

లేబుల్ మీద ఏం చూడాలి?

ముందు, లోపలి కుట్టు దగ్గర ఉండే చిన్న తెల్ల పట్టీ. అందులో ఏ పోగు ఎంత శాతమో రాస్తారు. పరుగుకు, షటిల్‌కు, కబడ్డీకి 100 శాతం పాలియెస్టర్ బాగానే పనిచేస్తుంది. 5 నుంచి 10 శాతం స్పాండెక్స్ (షాపులో లైక్రా అనేదీ ఇదే) కలిస్తే సాగుతుంది, చెయ్యి ఎత్తినా కాలు చాపినా పట్టదు. అంతకు మించితే బరువు పెరిగి నెమ్మదిగా ఆరుతుంది. నైలాన్ మెత్తగా, గట్టిగా ఉంటుంది, ధర కాస్త ఎక్కువ. అది 4 శాతం దాకా తేమ పడుతుంది గనుక పాలియెస్టర్ కంటే కొంచెం ఆలస్యంగా ఆరుతుంది.

తర్వాత జీఎస్ఎం. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో చెప్పే లెక్క ఇది. పరుగుకు 110 నుంచి 140, జిమ్‌కు 140 నుంచి 170 చూసుకోండి. 180 దాటినది చేతికి బరువుగా, ఖరీదైనదిలా అనిపిస్తుంది గానీ ఉక్కపోతలో దండగే. పాలియెస్టర్ పోగు నీళ్లు తాగకపోయినా మందపు అల్లిక సందుల్లో చెమట నిలుస్తుంది. డ్రై ఫిట్ అని కొన్నా కాటన్‌లాగే బరువెక్కిందని కొందరు అనేది ఇలాంటి మందం బట్ట గురించే. లేబుల్ మీద జీఎస్ఎం లేకపోతే తూచేయండి. మగవాళ్ల ఎం సైజు టీషర్ట్‌లో దాదాపు ఒక చదరపు మీటరు బట్ట ఉంటుంది. అందుకే 130, 140 గ్రాములు తూగితే అది పల్చటి రకమేనని అర్థం.

డాట్ నిట్, రైస్ నిట్, ఫోర్ వే అని షాపులో ఏవేవో చెబుతారు. అవేంటి?

అవి అల్లిక రకాల పేర్లు. డాట్ నిట్‌లో చుక్కలు చుక్కలుగా గుంటలుంటాయి, రైస్ నిట్‌లో బియ్యపు గింజల్లాంటి గరుకు. ఈ గుంటల వల్ల బట్ట మొత్తం చర్మానికి అంటుకోదు, అదే వాటి ఉపయోగం. నున్నటి బట్ట తడిస్తే వీపుకు ప్లాస్టిక్ కవరులా అతుక్కుంటుంది. ఫోర్ వే అంటే నిలువుకూ అడ్డానికీ రెండు వైపులా సాగే లైక్రా రకం. వెయిట్స్ ఎత్తేవాళ్లకు, యోగాకు హాయి. పరుగుకు నేనైతే గుంటల రకమే తీసుకుంటాను. ఇంపోర్టెడ్ బట్ట సార్ అన్న మాటను మాత్రం చెవిన వేసుకోకండి. అల్లిక బట్టల్లో తమిళనాడులోని తిరుప్పూరుకు ఎంత పేరుందో మీకు తెలిసిందే.

కొనేముందు షాపులోనే ఎలా పరీక్షించాలి?

బట్టను ఒక్క పొరగా ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకోండి, అల్లిక సందుల్లోంచి వెలుగు చుక్కలు కనబడాలి. తర్వాత పెదాలకు ఆనించి ఊదండి. అటువైపు పెట్టిన అరచేతికి గాలి తగలకపోతే అది మీ ఊపిరినే కాదు, కాలువ గాలినీ ఆపుతుంది.

చేతిలో నీళ్ల సీసా ఉంటే లోపలి వైపు ఒక మూల ఒక్క చుక్క వేయండి, ముందు షాపాయన్ని అడిగి. చుక్క గుండ్రంగా ముత్యంలా నిలబడితే ఆ బట్ట చెమటను లాగదు. రెండు మూడు సెకన్లలో పరుచుకుని, తిరగేస్తే పై వైపు మరింత పెద్ద మచ్చగా కనిపిస్తే అది పనికొచ్చే సరుకు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. పాలియెస్టర్‌కు స్వతహాగా నీళ్లంటే పడదు. నీటిని పరిచే గుణం చాలా బట్టలకు పైన పట్టించిన మందుతోనే వస్తుంది. చవక రకాల్లో పది పదిహేను ఉతుకులకు ఆ మందు కాస్తా కొట్టుకుపోవచ్చు. ఒకసారి సేల్‌లో మూడు కొంటే మూడూ రెండో నెలకల్లా రెయిన్‌కోటులా తయారయ్యాయి నాకు. అందుకే ఇప్పుడు కొత్త రకం ఏదైనా ముందు ఒక్కటే కొంటాను, నెల వాడి, ఉతికి, మళ్లీ అదే నీటిచుక్క వేసి చూస్తాను. అప్పటికీ చుక్క పరుచుకుంటేనే మిగతావి కొంటాను.

చివరగా వేసుకుని రెండు చేతులూ పైకెత్తండి. బొడ్డు బయటపడకూడదు, చంక పట్టకూడదు.

ఒంటికి పట్టినట్టుండాలా, వదులుగా ఉండాలా?

ఏసీ జిమ్‌లో మీ ఇష్టం. ఉక్కపోతలో వదులే మేలు, చేతులు ఊపినప్పుడల్లా బట్ట కదిలి లోపల గాలి మారుతుంది. అలాగని లుంగీ చుట్టినట్టు ఉండకూడదు, ఎక్కువైన గుడ్డంతా తడిసి బరువే. పక్కన పట్టుకుంటే పిడికెడు బట్ట చేతికి రావాలి, అది చాలు. బిగుతైన కంప్రెషన్ రకం వేసుకుంటే కండలు పెరుగుతాయని కుర్రాళ్లు అనుకుంటారు. అద్దంలో మాత్రం పెరుగుతాయి.

చంకల్లో, ఛాతీ మీద ఒరుసుకుపోయి మండుతోంది. ఏం చేయాలి?

కుట్లు చూడండి. టీషర్ట్ తిరగేసి లోపలి కుట్టు మీద బొటనవేలు నడిపితే గట్టులా తగిలిందంటే గంట పరుగులో అదే రంపం. రెండు అంచులూ పక్కపక్కన పరిచి కుట్టిన చదును కుట్టు, అంటే ఫ్లాట్‌లాక్, కావాలి. భుజం మీద కుట్టు లేకుండా మెడ నుంచి చంకకు ఏటవాలుగా వచ్చే రాగ్లాన్ చేతులు ఇంకా నయం, ముఖ్యంగా వీపున బ్యాగు తగిలించుకునేవాళ్లకు. మెడ వెనక లేబుల్ కుట్టకుండా అచ్చు వేసినదైతే గోకదు.

పది కిలోమీటర్లు దాటి పరుగెత్తే మగవాళ్లకు చనుమొనలు ఒరుసుకుపోయి రక్తం వచ్చి టీషర్ట్ మీద రెండు చారలు కనబడటం మామూలే. సిగ్గుపడి ఎవరూ చెప్పరు. ముందే వాజిలైన్ రాయండి, లేదా పేపర్ టేపు ముక్క అంటించండి. చంకలకూ వాజిలైనే. పౌడరు తడిసి ముద్దకట్టి ఇంకా గీరుతుంది. ఛాతీ మీద పెద్ద రబ్బరు ప్రింటు ఉన్న టీషర్ట్ వద్దు. గాలి ఆడదు, తడిసిన చోట గీసుకుంటుంది.

ఉతికినా కంపు పోవడం లేదు. ఒంటికి వేడి తగలగానే మళ్లీ మొదలు. ఎందుకని?

పాలియెస్టర్‌కు ఉన్న పెద్ద జబ్బు ఇదే. చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. ఒంటి మీది సూక్ష్మజీవులు చెమటలోని, చర్మపు జిడ్డులోని పదార్థాలను తిని వదిలేదే ఆ కంపు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధనలో 26 మంది చేత గట్టిగా సైకిల్ తొక్కించి, ఆ టీషర్ట్‌లను 28 గంటలు అలాగే ఉంచి వాసన చూపించారు. కాటన్ కన్నా పాలియెస్టరే ఎక్కువ కంపు కొట్టింది. కంపు పుట్టించే మైక్రోకాకస్ జాతి సూక్ష్మజీవులు పాలియెస్టర్ మీద బాగా పెరిగాయి.

ఈ పోగుకు నీళ్లంటే పడదు గానీ నూనె అంటే ప్రాణం. చర్మపు జిడ్డును పట్టుకుని వదలదు. దానికి తోడు మనం తలకు పెట్టే కొబ్బరినూనె మెడ పట్టీలోకి దిగి ఊరుతుంది. పరుగుకు వెళ్లే రోజు పొద్దున నూనె పెట్టకపోతే సగం గొడవ తగ్గుతుంది.

వాసన రాదు, వెండి కలిపాం అని అమ్మే రకాలు మొదట్లో పనిచేస్తాయి. ఉతికేకొద్దీ ఆ గుణం తగ్గుతుంది. దాని కోసం వెయ్యి ఎక్కువ పెట్టే బదులు ఆ డబ్బుతో ఇంకో టీషర్ట్ కొనుక్కోండి.

మరి ఎలా ఉతకాలి?

విప్పిన వెంటనే, ఇది అసలు పని. తడి టీషర్ట్‌ని బ్యాగులో కుక్కి ఆఫీసుకెళ్లి సాయంత్రం తీస్తే ఇక ఏ సబ్బూ ఏమీ చేయలేదు. స్నానానికి వెళ్తూ దాన్నీ బకెట్‌లో ముంచి మామూలు నీళ్లతో జాడించి పిండి ఆరేయండి, సబ్బు లేకపోయినా సరే. చెమటలో చాలావరకు అప్పుడే పోతుంది.

సబ్బుతో ఉతికేటప్పుడు తిరగేసి ఉతకండి, జిడ్డు ఉండేది లోపలే. మనలో చాలామందికి బోరు నీళ్లే దిక్కు. ఉప్పు నీళ్లలో బట్టల సబ్బు బిళ్ల రుద్దితే నురగ రాక తెల్లటి పొరలా బట్టలోనే ఉండిపోతుంది, అల్లిక సందులు పూడిపోతాయి. లిక్విడ్ కొద్దిగా వేసి బాగా జాడించడం మేలు. మెత్తగా, సువాసనగా ఉంటుందని చివర్లో కలిపే కండిషనర్ వీటికి పనికిరాదు. అది పోగుల మీద పూతలా పట్టి చెమట పాకే దారి మూసేస్తుంది. బ్రష్ వద్దు, బ్లీచింగ్ వద్దు, ఇస్త్రీ అసలే వద్దు.

ముదిరిన కంపుకు అర బకెట్ నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి మామూలుగా ఉతకండి. వంటసోడా వాడేవాళ్లు దాన్ని విడిగా వాడాలి. రెండూ కలిపితే బుస్సుమని పొంగి ఒకదాన్నొకటి తినేస్తాయి, చూడటానికి బాగుంటుంది అంతే.

ఆరేసేది నీడలో, గాలి వీచే చోట. మిట్టమధ్యాహ్నపు ఎండకు స్పాండెక్స్ సాగుడు పోతుంది. శ్రావణ మాసం ముసురులో మాత్రం ఫ్యానే దిక్కు, హ్యాంగరుకు వేసి ఫ్యాను కింద వేలాడదీయండి. మడతపెట్టి దండెం మీద వేస్తే మడతలోనే ముక్కవాసన పుడుతుంది.

ఎన్ని కొనాలి?

వారానికి ఐదు రోజులైతే నాలుగు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద, ఒకటి బీరువాలో, ఒకటి వానాకాలానికి. షటిల్ వాళ్లకు ఇంకో రెండు.

ఖరీదైన బ్రాండ్ తీసుకుంటే నిజంగా తేడా ఉంటుందా?

కొంత. కుట్టు బాగుంటుంది, సైజు ఊరికే మారిపోదు, రంగు దిగదు. మూడు వందల రకానికీ ఏడెనిమిది వందల రకానికీ తేడా చేతికి తెలుస్తుంది. అక్కణ్ణించి రెండు వేలు దాటాక పెరిగేది చాలావరకు ఛాతీ మీది గుర్తు ధరే. ఆఫ్ సీజన్‌లో పాత రంగులు సగం ధరకు వస్తాయి, చెమటకు రంగుతో పనేముంది?

మారథాన్‌లో ఊరికే ఇచ్చిన టీషర్ట్‌లు వాడొచ్చా?

నీటిచుక్క పరీక్షలో గెలిస్తే వాడండి. ఓడితే బండి తుడవడానికీ పనికిరాదు, నీళ్లు పీల్చదు కదా.

రంగు, చేతుల పొడవు?

ఆరుబయట ఎండలో అయితే లేత రంగు వేడి తక్కువ లాగుతుంది, ముదురు రంగు అతినీల కిరణాలను బాగా ఆపుతుంది. రెండూ కావాలంటే యూపీఎఫ్ 50 అని రాసిన లేత రంగు చూడండి. అతినీల కిరణాల్లో యాభయ్యో వంతే, అంటే 2 శాతమే, లోపలికి వస్తాయని దాని అర్థం. పల్చటి తెల్ల కాటన్ బనీను ఇందులో చాలా వెనకబడుతుంది, తడిస్తే ఇంకా. ఏడు గంటల తర్వాత కూడా ఎండలో ఉండేవాళ్లకు పల్చటి ఫుల్ హ్యాండ్స్ మంచిదే, వ్యవసాయ కూలీలు ఎండలో పాత ఫుల్ చొక్కా తొడుక్కోవడం చూస్తూనే ఉన్నాం. బూడిద రంగు మాత్రం చెమటను టముకు వేసి చాటుతుంది.

ఆడవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఆడవాళ్ల సెక్షన్‌లో బట్ట అందంగా, బిగుతుగా, పొట్టిగా కుట్టి ఎక్కువ ధర పెడతారని మా అక్క ఫిర్యాదు. ఆమె మగవాళ్ల సెక్షన్‌లో చిన్న సైజు తీసుకుంటుంది, పిరుదులు కప్పేంత పొడవు వస్తుంది, లెగ్గింగ్స్ మీద మొహమాటం లేకుండా ఉంటుందంటుంది. భుజం జారినట్టుంటే రాగ్లాన్ రకంలో ఆ తేడా తెలియదు. తడిసినప్పుడు లోపలివి కనబడతాయేమోనన్న బెంగ ఉంటే తెలుపు, లేత గులాబీ వదిలేసి చిన్న డిజైన్ అచ్చున్న ముదురు రంగు తీసుకోండి. పైన ఎంత మంచి టీషర్ట్ వేసినా లోపలి స్పోర్ట్స్ బ్రా కాటన్‌దైతే చెమటంతా అక్కడే ఆగిపోతుంది. డబ్బు తక్కువైతే ముందు బ్రాకు పెట్టండి, టీషర్ట్ తర్వాత.

చుడీదార్ మీదే నడకకు వెళ్లే పెద్దవాళ్లను మాత్రం మార్చమని వేధించకండి. నలభై నిమిషాల నడకకు వదులైన పల్చటి కాటన్ టాప్ బాగానే సరిపోతుంది.

జిమ్‌లో బరువులెత్తడానికి కూడా ఇదేనా?

అక్కర్లేదు. సెట్‌కూ సెట్‌కూ మధ్య విరామం ఉంటుంది, పైన ఫ్యానో ఏసీయో ఉంటుంది. కాటన్, పాలియెస్టర్ చెరిసగం కలిసిన బట్ట ఇక్కడ బాగుంటుంది, కంపూ తక్కువే. నున్నటి పాలియెస్టర్‌తో బెంచ్ మీద పడుకుంటే వీపు జారుతుంది. బార్‌బెల్ పట్టు దగ్గరి గరుకుకు పల్చటి అల్లిక పోగులు లేస్తాయి, స్క్వాట్స్ చేసేవాళ్ల టీషర్ట్ మెడ వెనకే ముందు చిరిగేది. మందంగా ఉన్న పాతది ఒకటి దీనికి అట్టేపెట్టుకోండి.

ఎప్పుడు పక్కన పెట్టాలి?

వెనిగర్‌లో రెండుసార్లు నానబెట్టి ఉతికి ఆరేసిన టీషర్ట్‌ని తొడుక్కుని ఐదు నిమిషాలు గట్టిగా నడవండి. ఒళ్లు వేడెక్కగానే పాత కంపు మళ్లీ లేస్తే దాని పని అయిపోయింది. ఇంట్లోవాళ్లు ఈ సంగతి మీకంటే ఓ నెల ముందే చెప్పి ఉంటారు.